అమ్మమ్మ జరిపిన పీట

నా చిన్నప్పుడు తలలు కొలిచే ఒకాయన రాజోలు నుంచి జట్కాలో మా ఊరు దిగాడు. పట్నంలో పెద్ద చదువు చదివాడట. పటకారులాంటి ఇనుప సాధనంతో తలా ముక్కూ కొలిచి, ఆ మనిషిది ఏ జాతో, బుద్ధిలో ఏ మెట్టో చెప్పేసేవాడు. మా మావయ్య పొంగిపోయి, ఆయనకు కొబ్బరినీళ్లిచ్చి, అరుగుమీద పీట వేసి, ఇంట్లోవాళ్లందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టాడు.

మా అక్కా నేనూ ఒకే కడుపున పుట్టాం. అయినా అక్కది మేలైన తల అన్నాడు. నాది వెనకబడిన తలట. వెనకాల చదునుగా ఉందట, ముక్కు బండగా ఉందట. నాన్నగారు పోయాక మేం మావయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం. ఆ ఏడే నన్ను అమలాపురం హైస్కూల్లో చేర్చమని అమ్మ బతిమాలుతోంది. మావయ్యకు సాకు దొరికింది. శాస్త్రమే చెప్పాక ఇంక దీనికి చదువెందుకన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

మా అమ్మమ్మ అప్పుడే పక్కింటి పసిబిడ్డకు నీళ్లు పోసి, నూనె చేతులతో వచ్చింది. మా వైపు ఆ పని చెయ్యి తిరిగిన పెద్దావిడలదే. బిడ్డను చాచిన కాళ్లమీద పడుకోబెట్టి, తల గుండ్రంగా ఒత్తుతారు, ముక్కు సాగదీస్తారు. అమ్మమ్మ సంగతంతా విని నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"పెద్దదాని తల నేను ఒత్తేనండి. ఆవాల దిండుమీద పడుకోబెట్టి మరీ పెంచేను. ఇది పుట్టినప్పుడు నేను జ్వరంతో మంచం దిగలేదండి, దీన్ని ఒత్తినవాళ్లే లేరు. తమరు కొలిచింది జాతిని కాదండి, నా చేతుల్ని."

ఆయన నవ్వి, అలాంటివి లెక్కలోకి రావన్నాడు. అమ్మమ్మ ఆ పటకారు చేతిలోకి తీసుకుని, పీట ఆయన వైపు జరిపింది.

"అయితే తమరు కూర్చోండి. నేను కొలుస్తాను."

ఆయన ససేమిరా అన్నాడు. తాను కొలిచేవాణ్ణే తప్ప కొలిపించుకునేవాణ్ణి కాదన్నాడు. అమ్మమ్మ మావయ్య వైపు తిరిగింది.

"విన్నావట్రా? తన తల దాచుకున్నోడి మాట మీద నా మనవరాలి బడి మాన్పిస్తావా? రేపు నేనే తీసికెళ్తాను. ఎలా ఆపుతావో చూస్తాను."

మర్నాడు నన్ను బస్సెక్కించింది అమ్మమ్మే.

పట్టుబట్టి తర్వాత ఆయన చదివిన మానవశాస్త్రమే నేనూ చదివాను. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది సముద్రాల అవతల గదుల్లో కూర్చుని, దొరలూ ప్రయాణికులూ పంపిన రాతలు చూసి, లోకంలోని మనుషులందరికీ మెట్లు కట్టారట. పై మెట్టుమీద ఎవరిని కూర్చోబెట్టుకున్నారో వేరే చెప్పాలా. తర్వాత్తర్వాత ఒకరు వలస వెళ్లినవాళ్ల పిల్లల తలలు కొలిస్తే, అవి తల్లిదండ్రుల తలల్లా లేవట, పెరిగిన చోటును బట్టి మారాయట. ఇంకొందరు మనుషుల మధ్యకే వెళ్లి, వాళ్ల మాట నేర్చుకుని, వాళ్లతో ఉండి తెలుసుకోవడం మొదలుపెట్టారు. మా మాస్టారు ఇదంతా గొప్పగా చెబుతుంటే లేచి నిలబడి, మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పిందండీ అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

నా తల వెనక ఇప్పటికీ చదునే, జడ వేసుకుంటే ఇప్పటికీ తెలుస్తుంది. మొన్న మా మనవరాలు ఫోనులో నా ఫోటో పెడితే నేను ఏ జాతిదాన్నో ఆ ఫోనే చెబుతుందంది. ముందు ఆ ఫోను చేసినవాడి ఫోటో పెట్టమన్నాను. నన్ను ఎవరు కొలవడానికొచ్చినా సరే, కాదనను. పీట మాత్రం ముందు వాళ్ల వైపు జరుపుతాను.