ఇంట్లో ఏం తక్లీఫ్ లేదు

సాయమ్మ పుట్టింది, పెళ్లి చేసుకుంది, కొడుకును కన్నది అంతా ముంబయి కామాటిపుర పదకొండో గల్లీలోనే. పెళ్లికి ముందు తండ్రి వెంట ఇసుక, సిమెంటు మోసింది. భర్త పోయాక ఇరవై రెండేళ్లు ఒక ఆఫీసులో నేల తుడిచింది. ఎక్కడుంటావని అక్కడ ఎవరైనా అడిగితే ముంబయి సెంట్రల్ అనేది. కామాటిపుర అంటే బయటివాళ్లకు సానికొంపల పేటే; ఆ పేరు చెబితే ఎదుటివాళ్ల చూపు ఎలా మారుతుందో ఆ గల్లీ ఆడవాళ్లందరికీ తెలుసు. అందుకే ఆ చాళ్ల ఇరుకు ఇళ్లలో పిల్లలకు మాటలతో పాటే ఒక బుద్ధి నేర్పుతారు. కాగితం పట్టుకుని వచ్చి అడిగేవాళ్లకు ఇంటి గుట్టు చెప్పకూడదు. అంతా బాగుందనాలి.

కోడలు దర్శనకు ఈ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ రోజు అత్తను ఆసుపత్రికి వెంట తీసుకుపోయింది. పగలంతా మనవరాలు మయూరి ఉండేది సాయమ్మ దగ్గరే మరి.

మయూరికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. లెక్క తెలుసు, జవాబు తెలుసు. కానీ మూడో లెక్క మధ్యలో ధ్యాస కిటికీ మీదికి పోతే ఇక ఆ లెక్క అక్కడితో సరి. క్లాస్ టీచర్ బడి తెరిచినప్పటి నుంచీ ఫిర్యాదు రాసి పంపుతోంది. చివరికి బడివాళ్లు తేల్చి చెప్పారు: దసరా లోపల డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే పరీక్షలో అరగంట ఎక్కువ ఇస్తాం, ముందు బెంచీలో కూర్చోబెడతాం. తేకపోతే వేరే బడి చూసుకోండి.

దర్శన మైక్రోబయాలజీ చదివింది, దాదర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ గురించి దొరికిందంతా చదివింది. అది పొగరు కాదనీ, పెంపకంలో లోపం కాదనీ, మెదడు తీరే అంతనీ ఆమెకు తెలుసు. ఆడపిల్లల్లో చాలాసార్లు ఎవరూ గుర్తుపట్టరని కూడా తెలుసు. తెలిసినకొద్దీ ఆమెకు నిద్ర తగ్గింది తప్ప ధైర్యం రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచి మనిషి. మరాఠీలో సాయమ్మనే అడిగింది, "ఇంట్లో ఎలా ఉంటుంది పాప?"

సాయమ్మ చీర కొంగు సర్దుకుంది. డాక్టరమ్మ చేతిలో కాగితం ఉంది, కలం ఉంది.

"ఇంట్లో ఏం తక్లీఫ్ లేదు. కూర్చోమంటే కూర్చుంటుంది, చెప్పిన పని చేస్తుంది. బంగారం."

అప్పటికి ఆ బంగారం గుండ్రటి స్టూలు మీద బోర్లా పడుకుని, కాళ్లతో గోడను తన్నుతూ నాలుగోసారి తిరుగుతోంది.

"కొత్త జాగ కదా," అంది సాయమ్మ.

"అత్తమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పు," అని దర్శన తెలుగులో గొణిగింది.

"చెప్తనే ఉన్న. నువ్వు సప్పుడు చెయ్యకు."

డాక్టరమ్మ బడివాళ్ల ఫారం, ఇంటివాళ్ల ఫారం పక్కపక్కన పెట్టి చూసింది. బడిలోనూ ఇంట్లోనూ, రెండు చోట్లా ఈ లక్షణాలు కనబడితే తప్ప ఏడీహెచ్‌డీ అని రాయడం కుదరదంది. టీచర్ దాదాపు ప్రతి ప్రశ్నకూ ‘చాలా తరచుగా’ అని గీత పెట్టింది. ఇంటి ఫారంలో సగానికి పైగా ‘అప్పుడప్పుడు’ అని ఉంది. ఆ ఫారం నింపింది దర్శనే. ల్యాబులో ఒక్క అంకె మార్చడానికి చేతులు రాని మనిషి, కూతురి విషయంలో ఆ చివరి గడి దగ్గరికి వెళ్లి ప్రతిసారీ వెనక్కి జరిగింది.

"బడిలోనే ఏదో భయమో ఇబ్బందో ఉండొచ్చు. మూడు నెలలు గమనించి మళ్లీ రండి," అంది డాక్టరమ్మ. మూడు నెలలంటే దసరా పోయి, దీపావళి కూడా పోతుంది.

బస్‌స్టాపులో దర్శన ఆపుకోలేకపోయింది.

"ఎందుకట్ల చెప్పినవ్ అత్తమ్మా? చింతపండు తెమ్మని పంపితే పిల్లి పిల్లను పట్టుకొచ్చింది మొన్ననే కదా. బూట్లు ఒక గుమ్మం కాడ, సంచి ఒక గుమ్మం కాడ. రోజూ మూడో ఖోలీ మల్లవ్వే ఏరుకొస్తది."

"ఏరుకొస్తది. అయితే ఏమాయె? ఆమెకేమన్న బరువా?"

నిజానికి సాయమ్మ పూర్తి అబద్ధమూ చెప్పలేదు. పద్నాలుగు ఒంటిగది ఖోలీలు వరసగా ఉన్న గ్యాలరీ అది. మయూరి ఒకచోట కూర్చుని ఎక్కం నేర్చుకోలేదు కాబట్టి సాయమ్మ దాన్ని గుమ్మం గుమ్మానికీ నడిపిస్తూ చెప్పిస్తుంది. గుమ్మానికి ఎక్కంలో ఒక మెట్టు. ఏడో ఎక్కం మల్లవ్వ గుమ్మం దగ్గర ఇరవై ఒకటి. అక్కడ ఆగిపోతే మల్లవ్వ లోపలి నుంచే "ఆగినవేంది?" అని అందిస్తుంది. ఒక పిల్ల ధ్యాసను పద్నాలుగు ఇళ్లు కలిసి మోస్తున్నాయి. అందుకే ఇంట్లో ఎవరికీ బరువు తెలియడం లేదు. బడిలో దాన్నంతా పిల్ల ఒక్కతే మొయ్యాలి. దర్శన ఈ మాటే చెప్పింది.

సాయమ్మ రోడ్డు వైపు తిరిగింది.

"మా తమ్ముడు బక్కయ్య ఎర్కనా నీకు? వాడు గిట్లనే. మాస్టరు రిజిస్టర్ల ‘మందబుద్ధి’ అని రాసిండు. అటెన్క పదేండ్లకు మున్సిపాలిటీల రోడ్లూడ్సే ఝాడూ నౌకరి వచ్చేదుండె. బడి కాగితం తెమ్మన్నరు. తీస్కపోయిండు. ఇక నౌకరి ఇయ్యలే. సచ్చేదాక ఇటుకలు మోసిండు. రాసింది పోదు దర్శనా. మన్షి పోతడు, రాసింది పోదు."

"ఇది గా కాగితం కాదు అత్తమ్మా. ఇది సాయం చేసే కాగితం."

"రాసెటోళ్లు గట్లనే చెప్తరు."

బస్సొచ్చింది. మయూరి కిటికీ సీటు కోసం ఇద్దరినీ తోసుకుని ఎక్కింది.

రెండు రోజులు సాయమ్మ సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున పెట్టెలోంచి ఇస్త్రీ చీర తీసి కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్లింది. ఆ సంగతి దర్శనకు ల్యాబులో ఉండగా టీచర్ ఫోనుతో తెలిసింది.

"మీ అత్తగారు వచ్చారు. పిల్ల ఇంట్లో కూడా ఒక్క నిమిషం కూర్చోదట, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గ్యాలరీ అంతా తిరుగుతుందట, గ్యాసు కట్టెయ్యడం మర్చిపోతుందట. దేవుడి మీద ఒట్టు వేస్తున్నారు."

"నిజమే టీచర్. అన్నీ నిజమే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇంట్లో ఏ ఇబ్బందీ లేదని ఆమే చెప్పినట్టు మీరు పంపిన డాక్టర్ చీటీలో ఉంది. ఏమనుకోకండి, ఆమెకు నేర్పి పంపారేమో అనిపిస్తోంది. సర్టిఫికెట్ లేకుండా నేను చేయగలిగిందేమీ లేదు."

దర్శన గాజు స్లయిడును ట్రేలో పెట్టేసింది. నేర్పలేదని ఎలా రుజువు చెయ్యాలో ఆమెకు తోచలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సాయమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఇస్త్రీ చీర ఇంకా మార్చుకోలేదు. లోపల మయూరి పుస్తకం ముందు నిలబడి, ఒంటికాలి మీద గెంతుతూ జవాబు రాస్తోంది. పరీక్షకు పదకొండు రోజులున్నాయి.

"చెప్పిన," అంది సాయమ్మ. "అంత చెప్పిన. ఏమన్న అన్నదా టీచరు?"

దర్శన చెప్పులు విప్పి పక్కన కూర్చుంది. చెప్పక తప్పలేదు. చెప్పింది.

సాయమ్మ ఇస్త్రీ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "బాగుందంటే నమ్మిన్రు. బాగ లేదంటే నమ్ముతలేరు. ఇప్పుడు ఏం చెప్తే నమ్ముతరు బిడ్డా?"

లోపల గెంతు ఆగింది. మయూరి కిటికీ దగ్గరికి పోయింది. పుస్తకంలో లెక్క సగంలో ఉంది.