మెట్ల మలుపులో కషాయం

పోయిన నెలలో ఒక ఉదయం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుండగా అమ్మ ఫోన్ చేసింది. "అవ్వ పోయిందే" అని ఒక్క మాట అంది. మా ఇంటి ఓనరమ్మ గురించి చెబుతోందని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. అంతకు అరగంట ముందే నేను ఆ గుమ్మం ముందు నుంచే వచ్చాను. పైగా అమ్మ ఇన్నేళ్లలో ఆమెను మామ్మగారు అని తప్ప మరోలా పిలవలేదు. అవ్వ అన్నది నా పిలుపు. ఛాయ్ ఇవ్వడానికి వెళ్లిన కోడలు లేపితే అవ్వ లేవలేదట. నేను వెనక్కి తిరిగాను.

మా ఇల్లు కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్లే పెద్ద రోడ్డుకు ఒక పక్క సందులో ఉంటుంది. కింది వాటాలో అవ్వ, కొడుకు, కోడలు. పై వాటాలో మేము. వాళ్లది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. కొడుకు చీరల కొట్టు పెట్టుకున్నాక అవ్వ పట్నం వచ్చింది. మాది విజయవాడ. నాన్న ఉద్యోగం కోసం వచ్చాం.

మా సందులో ఎవరికి ముక్కు దిబ్బడేసినా అవ్వ గడప తొక్కాల్సిందే. మా అమ్మ దాన్ని రొంప అనేది. అవ్వ సర్ది అనేది. మా కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు కోల్డ్ అనేవారు. ఎవరు ఏ పేరుతో తెచ్చుకున్నా అవ్వ ముందు కూర్చోబెట్టి ముఖం చూసేది, రెండుసార్లు దగ్గమనేది. వాకిట్లో పాత రంగు డబ్బాల్లో తులసి, వామాకు, తమలపాకు తీగ, ఒక వావిలి మొక్క ఉండేవి. మిరియాలు, శొంఠి దంచి, ఆకులు తుంచి వేసి, నీళ్లు సగమయ్యే దాకా మరిగించేది. ఆయాసంతో వచ్చినవాళ్లను, జ్వరం దిగనివాళ్లను మాత్రం కూర్చోనిచ్చేది కాదు. "ఇది నా గిన్నెతోని అయ్యే పని కాదు. దవాఖానకు నడువు" అని నిర్మొహమాటంగా పంపేసేది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కషాయం సీసాలో పోసి ఇవ్వదు, పొడి పొట్లం కట్టి పంపదు. తాగేవాళ్లు వచ్చి, కూర్చుని, అక్కడే తాగాలి. ఎంత బతిమాలినా ఒకటే జవాబు: "మందు ఇంటికి రాదు బిడ్డా. నువ్వే రావాలె." ఎందుకని ఒకసారి అడిగాను. "సర్ది దాని టైముకు అదే పోతది. నేను పోగొడ్తనా? పోయే దాంక ఒక్కరే కూసోని పరేషాన్ కావద్దని గీ కషాయం."

ఆవిరి పట్టడం కూడా ఆమె దగ్గరే. పెద్ద ఇత్తడి గిన్నెలో పసుపు, వావిలాకు వేసి మరిగించి నేల మీద పెట్టి, మన మీద ఒక దుప్పటి కప్పేది. వాళ్ల ఇంటి మగ్గం మీద నేసిన దుప్పటి. ఎర్రటి చతురస్రాలు, అంచులు చెదిరినట్టు ఉండే ఆ నేత. లోపల కూర్చుంటే వెలుతురు ఆ ఎరుపులోంచి వచ్చి ఆవిరిలో కరిగేది. నేను ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం తీసుకుని మేడ మీదికి పోయే పిల్లని. మా క్లాసులో నా గొంతు సగం మందికి తెలియదు. అవ్వ అది కనిపెట్టింది. మొదటిసారి దుప్పటి కప్పినప్పుడే బయటి నుంచి అంది: "ఇగ నిన్నెవ్వరు చూస్తలేరు. మాట్లాడు."

ఆశ్చర్యంగా నేను మాట్లాడాను. స్కూలు గురించి, చదువుతున్న కథల గురించి, ఒక సిస్టర్ అంటే ఉన్న భయం గురించి. అవ్వ మధ్యమధ్యలో "ఊఁ, లోపలికి గుంజు" అనేది. అది ఆవిరి గురించి. ఆ తర్వాత జలుబు లేకపోయినా ముక్కు ఎగబీలుస్తూ కిందికి వెళ్లేదాన్ని. అవ్వ నా ముఖం చూసి, దగ్గమని, ఏమీ అనకుండా గిన్నె పొయ్యి మీద పెట్టేది.

అమ్మకూ అవ్వకూ ఉన్న ఒకే ఒక తగాదా బెల్లం. అమ్మ తన కషాయంలో బెల్లం ముక్క వేసేది. "తియ్యగ జేస్తే అది మందెట్లయితది? షర్బతైతది" అనేది అవ్వ. "మీ కషాయం తాగితే జలుబుతో పాటు ప్రాణం కూడా పోతుంది మామ్మగారూ" అనేది అమ్మ. "పోతే పోనీ, నీ బెల్లం తినుకుంట బతికేదానికంటే నయం." ఇద్దరూ నవ్వుకునేవారు. ఒకరి గ్లాసు ఇంకొకరు ఖాళీ చేసేవారు కూడా.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. బంద్ ఉన్న రోజు స్కూలు ఉండేది కాదు, బస్సులు ఉండేవి కావు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆడవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే వడ్డించుకుని తిని నిరసన తెలిపేవారు. దాన్ని వంటావార్పు అనేవారు. అవ్వ మోకాళ్ల నొప్పులతోనే ఆటోలో వెళ్లేది. తన గిన్నె తీసుకెళ్లి, వానలో తడిసినవాళ్లకు అక్కడే కషాయం కాచేది. "రోడ్డు మీద పొయ్యి పెడితే తప్ప మన మాట ఎవనికి ఇనబడది" అనేది.

మా ఇంట్లో వాతావరణం వేరు. టీవీలో ఏదో ఒకటి విని నాన్న మౌనంగా ఉండేవాడు. విజయవాడ నుంచి మామయ్య వచ్చేయమని ఫోన్ చేసేవాడు. అమ్మ అతనితో "కింద మామ్మగారున్నారు, మాకేం భయం లేదు" అనడం నేను చాలాసార్లు విన్నాను.

ఒక సాయంత్రం అవ్వ చౌరస్తా నుంచి గొంతు బొంగురుపోయి వచ్చింది. వెంట వచ్చిన ఆడవాళ్లు వాకిట్లో కూర్చున్నారు. అమ్మ పై నుంచి చూసి కషాయం కాచి, గ్లాసులో పోసి తీసుకెళ్లింది. నేను వెనకే ఉన్నాను. అవ్వ ఒక గుక్క తాగి, ఎప్పటిలాగే, "చూసిన్రా, ఆంధ్రోళ్లు మందుల గూడ బెల్లమేస్తరు. అన్నీ వాళ్ల రుచికే మార్చిన్రు" అంది. వాకిట్లో వాళ్లంతా గొల్లున నవ్వారు.

మాట పాతదే. నవ్విన వాళ్లు కొత్తవాళ్లు. అమ్మ ముఖం ఎర్రబడింది. "ఇక మా బెల్లం మీకు రానివ్వను లెండి" అని గ్లాసు అక్కడే వదిలేసి మెట్లెక్కి వచ్చేసింది. అవ్వ ఏదో అనబోయింది కానీ గొంతు పలకలేదు.

ఆ తర్వాత అమ్మ కిందికి దిగినప్పుడల్లా తల వంచుకుని గేటు దాకా వెళ్లిపోయేది. అవ్వ కిటికీ దగ్గర కూర్చుని చూసేది. నాన్న మామయ్యకు ఫోన్ చేసి అక్కడ ఇల్లు చూడమన్నాడు. అమ్మ ఈసారి కాదనలేదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. పక్క గదిలో పుస్తకం ముందేసుకుని విన్నాను. ఆ దుప్పటి కింద కాక నేను ఇంకెక్కడ మాట్లాడతాను అన్నదే నాకు వచ్చిన మొదటి ఆలోచన.

వానలు ముదిరాక నాకు ఫ్లూ వచ్చింది. డాక్టరు చూసి భయం లేదన్నాడు, మాత్రలిచ్చి పడుకోమన్నాడు. జ్వరం దిగింది కానీ ముక్కు దిబ్బడ, దగ్గు పోలేదు. అమ్మ స్టీలు గిన్నె, తువ్వాలు పెట్టి ఆవిరి పట్టింది. తువ్వాలు కింద అంతా చీకటి. "కిందికి వెళ్లనా?" అని అడిగాను. అమ్మ నా జుట్టు తుడిచింది. మేము దిగం. అవ్వ మెట్లెక్కలేదు, మోకాళ్లు సహకరించవు. పైగా మందు ఇంటికి రాదాయె.

మర్నాడు పొద్దున వావిలాకు వాసన మా ఇంట్లోకి వచ్చింది. దిబ్బడేసిన నా ముక్కుకు కూడా తెలిసింది. అమ్మ తలుపు తీసింది. మా మెట్లు సగంలో మలుపు తిరిగే చోట ఒక చిన్న చదును ఉంటుంది. అక్కడ అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన కిరోసిన్ స్టవ్, దాని మీద ఇత్తడి గిన్నె, ఓ వారగా మూత పెట్టిన కషాయం గిన్నె, గ్లాసులు. ఒక్కొక్క మెట్టు మీద కూర్చుంటూ, సామాను పై మెట్టు మీదికి జరుపుకుంటూ, చేతులతో నెట్టుకుంటూ అక్కడి దాకా వచ్చిందట. కింద కోడలు నెత్తి కొట్టుకుంటోంది: "జర చెప్పక్కా నువ్వన్న. నా మాట ఇంటలేదు!"

"ఏంటిది మామ్మగారూ, మెట్ల మీద పొయ్యేంటి?" అంది అమ్మ.

"వంటావార్పు."

అమ్మ గుమ్మంలోంచి వంగి స్టవ్ వైపు చూసింది.

"రోడ్డు మీద పెడితే ఢిల్లీ దాంక ఇనబడ్డది. ఈడ పెడితే పై వాటాకు ఇనబడదా అని చూస్తున్న."

"పడిపోతారు. ముందు కిందికి దిగండి."

"డిమాండ్లు తీరే దాంక కదల."

"ఏంటండీ మీ డిమాండ్లు?"

"ఒకటి, పొల్లను పంపు. దాని దగ్గు నా గోడలకు ఇనబడుతున్నది. రెండు, బెల్లం డబ్బ తే."

అమ్మ గుమ్మంలోనే నిలబడింది. "మందుకి బెల్లం పనికిరాదన్నారుగా. నలుగురిలో అన్నారు."

"అన్న. రోజు అనే మాటే గదా అని నోరు జారిన. నలుగుర్ల జారింది. గందుకే గీడ కూసున్న. చాటుకు పిలిచి చెప్తే చెల్లదు."

అప్పటికే పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. ఆ రోజు వాకిట్లో నవ్విన ఇద్దరు ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. తర్వాత తెలిసింది, వాళ్లను రమ్మని కబురు పెట్టింది అవ్వే.

అమ్మ లోపలికి వెళ్లింది. డబ్బాల చప్పుడు వినిపించింది. బెల్లం డబ్బా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మలుపు దాకా దిగింది. కానీ కూర్చోలేదు. అవ్వ స్టవ్ ఆర్పి, గిన్నె నా ముందుకు జరిపి దుప్పటి కప్పింది. మళ్లీ ఆ ఎరుపు.

"ఇగ నిన్నెవ్వరు చూస్తలేరు" అంది అవ్వ.

"మేం విజయవాడ వెళ్లిపోతున్నాం" అన్నాను.

బయట బెల్లం డబ్బా కింద పెట్టిన చప్పుడైంది.

"నాకు వెళ్లాలని లేదు. అమ్మకీ లేదు. వాళ్లు నవ్వారని వెళ్తున్నాం."

"లోపలికి గుంజు" అంది అవ్వ. తర్వాత అమ్మతో అంది: "తెలంగాణ వస్తది బిడ్డా. వచ్చిన్నాడు నా పై వాట తాళమేసి ఉంటే నాకేం సంబురం? ఎవరితోని కొట్లాడాలె నేను బెల్లం గురించి?"

మెట్టు మీద చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న చప్పుడైంది. అమ్మ కూర్చుంది. "మరీ అంత చిన్న ముక్కేంటండీ, ఇంకొంచెం వెయ్యండి" అంది.

"ఓ యమ్మ! మాఫీ అడిగిన గని, నాలుక అమ్ముకోలే."

గేటు దగ్గరి ఆడవాళ్లు కూడా వచ్చి తలా ఒక మెట్టు మీద కూర్చున్నారు. అందరూ తియ్యటి కషాయం తాగారు. అవ్వ ముఖం చిట్లించి, ఆఖరి చుక్క దాకా తాగింది.

ఆ సాయంత్రం అమ్మే మామయ్యకు ఫోన్ చేసి ఇల్లు చూడవద్దంది. నాన్న వింటూ టీవీ కట్టేశాడు. నా దగ్గు మాత్రం ఇంకా కొన్నాళ్లు ఉండి, దాని టైముకు అదే పోయింది.

రాష్ట్రం వచ్చిన రోజు మా సందంతా గులాబీ రంగు చల్లుకుంది. జై కొట్టి కొట్టి గొంతులు పోయినవాళ్లంతా మా మెట్ల కింద వరుస కట్టారు. అవ్వ పోస్తోంది, అమ్మ బెల్లం వేస్తోంది. వద్దన్నవాళ్లకు వద్దు, కావాలన్నవాళ్లకు రెండు ముక్కలు. గ్లాసుల అంచులకు గులాబీ వేళ్ల గుర్తులు అంటుకున్నాయి.

ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నాను. పది మందిలో మాట్లాడాల్సి వస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అప్పుడు కళ్లు మూసుకుని ఒకసారి ఊపిరి లోపలికి తీసుకుంటాను. అంతకంటే పెద్ద ఉపాయం నా దగ్గర లేదు. చాలావరకు అదే సరిపోతోంది.

అవ్వ దినాలు జరిగినన్నాళ్లూ ముసురు పట్టే ఉంది. ఏడ్చి, తడిసి అందరి ముక్కులూ దిబ్బడేశాయి. పదో రోజు వచ్చినవాళ్లు వెళ్లాక కోడలు ఇత్తడి గిన్నె, కషాయం గిన్నె పట్టుకుని వంటగదిలో అయోమయంగా నిలబడింది. "అక్కా, ఎన్ని మిరియాలేసేదో నేనెన్నడు చూడనే లేదు" అంది. అమ్మ రెండు గిన్నెలూ అందుకుంది. వాకిట్లోకి వెళ్లి వావిలాకు తుంచింది. పొయ్యి పైనా పెట్టలేదు, కిందా పెట్టలేదు. మెట్ల మలుపులో స్టవ్ పెట్టుకుని కూర్చుని, "రావే" అని నన్ను పిలిచింది.

దుప్పటి చాలాసార్లు ఉతికి పలచబడింది. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. దాని కింద వెలుతురు మునుపటి కంటే ఎక్కువగా వస్తోంది. బయట ఎవరో మెట్లెక్కుతూ మా దగ్గర ఆగారు, పక్కకు ఒదిగి కూర్చున్నారు, గ్లాసు చప్పుడైంది. "నాక్కూడ బెల్లమెయ్యక్కా" అన్న కోడలి గొంతు వినిపించింది.

"మాట్లాడు" అంది అమ్మ, దుప్పటి అంచు సర్దుతూ.