అందరి గుమ్మం ఎక్కిన మా ఎమ్మెల్యే గారు

నిన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే క్యాంప్ నుంచి డ్రైవర్ ఓబులేసు ఫోన్ చేశాడు.

"ఎమ్మెల్యే సారు పోయినాడు సార్. నిద్రలోనే."

ఏ ఎమ్మెల్యే అని అడిగాను. బుర్ర పనిచేయలేదు. దోహాలో మాకున్నది ఒక్కరే కదా.

సుబ్బరామయ్య గారు. మా కంపెనీ పనివాళ్ళుండే క్యాంప్‌కి ఇన్‌చార్జ్. అంతకుముందు మా జిల్లాలో సర్పంచ్, ఆ తర్వాత ఒకే ఒక్క టర్మ్ ఎమ్మెల్యే.

మొన్న టీ తాగుతూ అన్నారు, "మాజీలం కదండీ, రేపు నేను పోతే మా గుమ్మం ఎవరు ఎక్కుతారు" అని. నవ్వుతూ అన్నా, ఆ దిగులు ఆయనకి నిజంగానే ఉండేది.

ఆయన రెండోసారి నిలబడి ఎందుకు ఓడిపోయారో మా వైపు అందరికీ తెలుసు.

ప్రచారం ఆఖరి రోజు. ఊరేగింపు మధ్యలో ఉండగా ప్రత్యర్థి తల్లి చనిపోయిందని కబురొచ్చింది. ఈయన జీపు దిగి, పార్టీ కండువా తీసి డ్రైవర్ చేతిలో పెట్టి, ఆ ఇంటికి నడిచి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు.

ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని సొంత పార్టీ వాళ్ళే పుకారు లేపారు. అంతే, సీటు పోయింది.

బాధ లేదా సార్ అని ఒకసారి అడిగాను.

"చావింటికి పార్టీ ఏంటండీ," అన్నారు.

పదవి పోయి, బతుకుతెరువుకి దోహా వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఇక్కడ తెలుగువాళ్ళకి ఎవరు పోయినా, ఊళ్ళో పోయినా సరే, పరామర్శకి ముందు వచ్చేది ఆయనే.

ఒకసారి దోహాలోనే ఐన్ ఖాలిద్‌లో ఓ విల్లా ముందు చెప్పుల గుట్ట చూసి, చావిల్లనుకుని తిన్నగా లోపలికెళ్ళి, ఆ ఇంటి పెద్దాయన చేతులు పట్టుకుని ధైర్యంగా ఉండమన్నారు. తీరా చూస్తే అక్కడ సత్యనారాయణ వ్రతం. కడుపు నిండా ప్రసాదం పెట్టి గానీ వదల్లేదట. ఆ కథ ఆయనే చెప్పి, కళ్ళు తుడుచుకునేంత నవ్వేవారు.

మా నాన్న పోయినప్పుడు నాకు ఫ్లైట్ దొరకలేదు. ఎమ్మెల్యే గారు అల్ ముంతజాలో మా ఫ్లాట్‌కి వచ్చి పక్కన కూర్చున్నారు. వీడియో కాల్‌లో అంత్యక్రియలు అయ్యేదాకా నా భుజం మీంచి చెయ్యి తీయలేదు.

ఆ చెయ్యి ఇక లేదంటే ఏడుపు ఆగట్లేదు.

నిన్న సాయంత్రం మార్చురీ బయట నిలబడ్డానికి చోటు లేదు. క్యాంప్ వాళ్ళు, డ్యూటీ మధ్యలో వచ్చిన హౌస్ డ్రైవర్లు, ఆ వ్రతం ఇంటి పెద్దాయన కూడా.

బాడీ ఎల్లుండి ఫ్లైట్‌లో వస్తుందని చెబుదామని ఊళ్ళో ఉన్న వాళ్ళావిడకి ఇవాళ ఫోన్ చేశాను.

ఆవిడ అన్నారు, "అప్పుడు ఆయన్ని ఓడించినాయన నిన్నట్నుంచీ మా అరుగు మీదే కూర్చున్నారు బాబూ. కండువా కూడా వేసుకోలేదు."

మీ గుమ్మం నిండిపోయింది ఎమ్మెల్యే గారూ.

ఇంక దిగులు పడకుండా హాయిగా నిద్రపోండి.