పదకొండు ఏనుగులు, కొసరు ఒకటి

ఆ రోజుల్లో లెక్కపెట్టడం అంటే పాట పాడటమే అనుకునేవాణ్ణి. తప్పు నాది కాదు, పుట్టిన ఇంటిది. హోసూరులో మాది రాగుల అంగడి. తూకం యంత్రాలు మా వీధికి ఇంకా రాని కాలం అది. రాగులైనా, ఉలవలైనా, అనుములైనా ఇనప సేరుతో కొలిచి పొయ్యడమే. కొలిచేవాడు మొదటి సేరును ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. ఒకటి అంటే ఒంటరిది, దానితో కొలత మొదలుపెడితే ఇంటికి అచ్చిరాదని మా నాయన నమ్మకం. (ఆ లాభం మాకు ఏ మేరకు అచ్చివచ్చిందో మాత్రం అడక్కండి.) ఆ మాట ఒకసారి అంటే చాలదు. రెండో సేరు పడేదాకా "లాభం లాభం లాభం" అని రాగం తీస్తూనే ఉండాలి, ఆ తర్వాత "రెండు రెండు రెండు". పాట ఆగితే లెక్క పోయిందన్నమాటే. అన్నీ కొలిచాక చివర ఒక దోసెడు ఊరికే పొయ్యాలి. అది కొసరు. కొసరు లెక్కలోకి రాదు, కానీ కొసరు పడందే ఎవరూ సంచి మూతి కట్టనివ్వరు. ఈ చదువుతో ఇరవయ్యేళ్ళు పెరిగినవాణ్ణి, లోకంలో దేన్నైనా ఇట్లాగే లెక్కపెడతారనుకోవడంలో వింతేముంది?

తొంభైల నడుమ ఒక వేసవి. నేను బి.కాం.లో సరిగ్గా అకౌంట్ల పేపరే తప్పి, అంగట్లో గోనెసంచుల మీద కూర్చుని ఈగలు తోలుకుంటున్నాను. అట్లాంటి ఒకరోజు రేంజరు సారు రాగులకు వచ్చాడు. తమిళాయన, మంచివాడే, మీసం మాత్రం కొంచెం భయపెట్టేది. అడవిలో ఏనుగుల లెక్క తీస్తున్నారట. నీళ్ళ గుంటల దగ్గర రెండు రోజులు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చుని, వచ్చిన ఏనుగులను రాసుకునే కుర్రవాళ్ళు కావాలట. మా నాయన క్షణం కూడా ఆలోచించలేదు. "మావాణ్ణి పిల్చుకోని పోండి సార్. లెక్కల్లో పులి" అన్నాడు. ఆ పులి పరీక్ష తప్పి నెల కూడా కాలేదు. రేంజరు సారు నన్ను ఎగాదిగా చూసి, "పులి నాకెందుకప్పా? నోరు మూసుకోని కూర్చునేవాడు కావాల" అన్నాడు. నేను బుద్ధిగా తలాడించాను. ఆ ఒక్క మాట చెవికెక్కించుకుని ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు.

డెంకణికోట దాటి లోపలికి పోతే ఆ అడవి. ఇప్పుడు అక్కడ అభయారణ్యమని పెద్ద బోర్డు ఉంది. అప్పట్లో మాకది రిజర్వు అడవి, అంతే. బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగులు కర్ణాటక సరిహద్దు దాటి ఏ చెక్‌పోస్టులోనూ ఆగకుండా ఇటు వచ్చి పోతుంటాయని విన్నానే కానీ, హోసూరులో పుట్టి పెరిగిన నేను అప్పటిదాకా అడవిలో ఒక్క ఏనుగునూ చూడలేదు. గుడి ఏనుగును చూశాను. అది నా నెత్తిన తొండం పెట్టి దీవించింది కూడా. కాబట్టి ఏనుగులతో నాకు బాగానే పరిచయం ఉందని ధీమా.

నన్ను ఒప్పజెప్పింది అడవిని కాసే ఒక వాచరుకు. ఆయన పేరు వేరే ఏదో ఉండేది, అందరూ గుంటప్ప అనేవాళ్ళు. ఏ మాట ఎత్తినా తిప్పి తిప్పి తన నీళ్ళ గుంట దగ్గరికే తెచ్చేవాడు కాబట్టి ఆ పేరు. యాభై దాటిన మనిషి, సన్నగా ఎండు చింతబరికెలా ఉండేవాడు. ఒకప్పుడు ఆ అడవి అంచునే ఆవులు మేపుకునేవాడు. వాచరుగా చేరాక మంద అమ్మేసి, ఆవులకు బదులు అడవిని కాస్తున్నాడు. గుంట పక్కన ఇంటి ఎత్తు బండ ఒకటి ఉంది. దాని మీద కొమ్మలు అడ్డం పెట్టి మా ఇద్దరికీ చోటు చేశాడు. కూర్చోగానే నేను ఫారం తీసి, పెన్ను విదిలించి, "ఏనుగులు ఎన్నింటికి వస్తాయి మామా?" అని, బస్సు వేళ అడిగినట్టు అడిగాను.

"ఆ పేరు ఈడ ఎత్తకూడదు. సామి అనాల" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "పోయిన ఏడు వచ్చిన పిల్లకాయలు ట్రాన్సిస్టరులో క్రికెట్టు పెట్టుకున్నారు. సున్నా అని రాసి ఎలబారి పోయినారు. దాని ముందేడు వచ్చినోళ్ళు సీట్లపేక ఆడినారు. అదీ సున్నానే. ఈ తూరి గూడా సున్నా అంటే ఈ గుంట పేరు లిస్టులో కొట్టేస్తామని ఆఫీసులో చెప్పేసినారప్పా. పూడిక తియ్యరు. ఇంగ నీళ్ళు యాడ నిలుస్తాయి? చూడు, ఎండకు ఎంత ఇంకిపోయిందో. నీళ్ళు లేకుంటే సామి ఊర్లలోకి దిగుతాడు. ఊర్లో జనం టపాకాయలు కాలుస్తారు, కరెంటు తీగలు కడతారు." తననేమో తీసుకుపోయి రోడ్డు పక్కన గేటు ఎత్తే పనికి వేస్తారని చివర్లో చేర్చాడు, అది పెద్ద విషయం కానట్టు. "సామి రోజూ వస్తాడా మామా?" అన్నాను. "వస్తాడు. నేను చూస్తానే ఉండాను. నేను చూస్తే లెక్క కాదంట. కాగితం మీద నువ్వు రాయాల." నాకు కొంచెం గర్వం కలిగింది. అకౌంట్ల పేపరు తప్పినవాడి రాతకు అంత విలువ ఉంటుందని ఎవరనుకుంటారు?

మొదటి రోజు నెమళ్ళు వచ్చాయి. జింకలు వచ్చాయి. ఒక ముంగిస వచ్చి నీళ్ళు తాగకుండానే నన్ను చూసి వెళ్ళిపోయింది. మా అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం నేను పదకొండు గంటలకే తినేసి, మధ్యాహ్నం గుంటప్ప రాగిముద్దలో సగం కూడా తిన్నాను. సాయంత్రం ఆరింటికి ఫారంలో సున్నా పెట్టాను. ఆ సున్నాను గుంటప్ప నా భుజం మీంచి చూశాడు. చదువు రాని మనిషే, కానీ సున్నా అందరికీ తెలుస్తుంది. జారిన కొమ్మలు మళ్ళీ సర్ది బండ దిగాడు. తిట్టి ఉంటే నాకు కాస్త బాగుండేది.

రెండో రోజు కూడా నాలుగు దాటింది. బండ పెనంలా కాలుతోంది. నేను మనసులో మా నాయనకు చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటున్నాను. గుంటప్ప మాత్రం ఒక చేతి గుప్పిట్లో గులకరాళ్ళు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆవులు మేపినప్పటి అలవాటట అది, మంద బయలుదేరేటప్పుడు ఆవుకొక రాయి ఒడిలో వేసుకోవడం. అప్పుడు ఒక్కసారిగా నెమళ్ళ అరుపు ఆగిపోయింది. గుంటప్ప వేలెత్తాడు.

ఏనుగులు వస్తే కొమ్మలు విరుగుతాయనీ, నేల దద్దరిల్లుతుందనీ, ఘీంకారం వినిపిస్తుందనీ నేను సిద్ధంగా ఉన్నాను. అదేమీ లేదు. వెదురు పొదల్లో ఒక నీడ ఉంది, ఆ నీడకు కన్ను ఉంది, అంతే. మరుక్షణం ఒక ముసలి ఆడ ఏనుగు గుంట ఒడ్డున నిలబడి ఉంది. అంత పెద్ద ఒళ్ళు, పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు. గుడిలో నన్ను దీవించిన ఏనుగుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. దణ్ణం పెట్టాలనిపించింది, కానీ చేతులు లేవలేదు. లేచింది నోరు ఒక్కటే.

"లాభం" అన్నాను.

అన్నానని నాకే తెలియదు. దాని వెనక ఇంకో తల కనిపించేసరికి లెక్క పోతుందేమోనన్న భయంతో ఇరవయ్యేళ్ళ అలవాటు నా గొంతులోంచి రాగం తీసింది. "లాభం లాభం లాభం..." ముసలి ఏనుగు ఆగింది. చెవులు రెండూ విప్పింది. తొండం పైకెత్తి సరిగ్గా మా బండ వైపు తిప్పింది. వెనక మంద మొత్తం ఎక్కడిది అక్కడ నిలిచిపోయింది. ఒక ఏనుగు ఎత్తిన కాలు కింద పెట్టలేదు. నాకు అన్నీ అర్థమవుతున్నాయి, ఇప్పుడు నేను నోరు మూసుకోవాలి అని కూడా అర్థమవుతోంది, కానీ పాట ఆగితే లెక్క పోతుంది కదా! గుంటప్ప తన తుండుగుడ్డ తీసి నా నోట్లో కుక్కాడు. బీడీ, చెమట, రాగిపిండి, మూడూ కలిసిన వాసన. చెవిలో గుసగుసగా, "కుయ్యనొద్దప్పా... పోయిందంటే మల్ల రాదు" అన్నాడు.

ఎంతసేపు అట్లా ఉన్నామో చెప్పలేను. దాని కళ్ళు చిన్నవి. వాటి చుట్టూ ముడతలు. ఆ చూపు నా మీద ఆగింది, నన్ను కొలిచింది. అంగట్లో ఎన్నో వేల సేర్లు కొలిచినవాణ్ణి, నన్నే ఒకరు కొలవడం అదే మొదటిసారి. అప్పుడు బండలోంచి ఒక అదురు నా ఒంట్లోకి పాకింది. పక్క వీధిలో పిండిమిషను ఆడుతుంటే మన ఇంటి గచ్చు అదురుతుందే, అట్లా. చెవికి ఏమీ వినిపించలేదు, ఎముకలకే వినిపించింది. ముసలిది తన వాళ్ళతో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో గానీ (వీడు ఉత్త వెర్రిబాగులవాడు, పర్వాలేదు అని చెప్పి ఉండాలి), తొండం దించి నీళ్ళలో అడుగుపెట్టింది.

గుంటప్ప ఒక రాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఇంకో ఏనుగు దిగింది, ఇంకో రాయి. మాట లేదు, పాట లేదు. ఒక్కొక్క రాయీ ఆయన వేళ్ళ వేడితో నా చేతిలోకి వచ్చింది. మొత్తం పదకొండు. నా చెయ్యి నిండింది, కళ్ళు కూడా నిండాయి. ఇంక అయిపోయిందనుకున్నప్పుడు, ఒక తల్లి కాళ్ళ నడుమ నుంచి పిల్ల ఒకటి బయటికి వచ్చింది. ఒళ్ళంతా నూగు, ఎడమ చెవి అంచు చిరిగి ఉంది. తొండాన్ని ఏం చేసుకోవాలో దానికి ఇంకా తెలియదు. అటూ ఇటూ ఊపి, చివరికి మోకాళ్ళ మీద కూర్చుని నోటితోనే నీళ్ళు తాగబోయి, బురదలో జారి బోర్లా పడింది. ఎవరూ తిట్టలేదు. పక్కనున్న ఇంకో ఆడ ఏనుగు దాన్ని తొండంతో ఎత్తి నిలబెట్టింది. నేను రాయి కోసం చెయ్యి చాచి ఉంచాను, రాయి రాలేదు. తిరిగి చూస్తే గుంటప్ప రెండు చేతులూ జోడించి ఉన్నాడు, కళ్ళు ధారలు కడుతున్నాయి. "ఆడబిడ్డ" అన్నాడు, శబ్దం లేకుండా పెదాలతోనే.

ఆ సాయంత్రం చెక్‌పోస్టులో రేంజరు సారు ఫారం అందుకున్నాడు. అందులో ఆడ, మగ, పిల్ల అని మూడు గళ్ళు ఉన్నాయి. నేను ఆ మూడింటి మీదా అడ్డంగా ఒకే వరసలో రాసి ఉంచాను: మొత్తం 11, కొసరు 1. ఆయన మొదట పదకొండును చూశాడు. మీసం కింద నవ్వు లేదు. "రెండేండ్లు సున్నా. నిన్న గూడా సున్నా. ఈ పొద్దు ఒకేసారి పదకొండా?" అని గుంటప్ప వైపు అనుమానంగా చూశాడు. గుంటప్ప తల దించుకున్నాడు. తర్వాత ఆయన చూపు పక్కకు జరిగింది. "కొసరా? ఇదేందప్పా?" తమిళంలోనూ ఆ మాట ఉంది కాబట్టి అర్థం చెప్పే పని లేదు, సంజాయిషీ చెప్పుకునే పనే మిగిలింది. "పిల్లకు రాయి రాలేదు సార్, దానికని..." అని నసిగాను. నా గుప్పిట విప్పమన్నాడు. పదకొండు రాళ్ళనూ వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు చూడండి, టోపీ తీసి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది.

"దొంగలెక్క రాసేవాడు పన్నెండు అని రాస్తాడప్పా. కొసరు అని ఎవడన్నా రాస్తాడా?" అని సంతకం పెట్టేశాడు.

ఆ వేసవిలోనే గుంటకు పూడిక తీశారు. మా నాయనకు ఈ సంగతంతా చెబితే, అంతా విని, "అదిసరే, లాభం అనే మొదలుపెట్టినావు గదా?" అని ఒక్కటే అడిగాడు.

ఏళ్ళు గడిచాయి. నాయన పోయాడు, అంగడి నాదైంది, కరెంటు తూకం వచ్చింది. అంకెలు అదే చూపిస్తుంది, ఎవరూ పాడనక్కర్లేదు. రెండువేల ఎనిమిదో తొమ్మిదో, పని విరమించిన గుంటప్ప ఎప్పటిలాగే నెల రాగులకు వచ్చాడు. ఆయనకు మాత్రం నేను పాత సేరుతోనే కొలుస్తాను, రాగంతో సహా. ఆ రోజు సంచి పట్టుకుని నిలబడి, ముఖమంతా విప్పార్చుకుని, "అప్పా, మన కొసరు ఈనింది" అన్నాడు. చిరిగిన ఎడమ చెవి, కాళ్ళ నడుమ పిల్ల, అదే గుంట. కళ్ళు సరిగ్గా ఆనని ముసలాయన అంత దూరం నుంచి చెవి అంచు ఎట్లా చూశాడని నేను అడగలేదు. దోసెడు రాగులు కొసరు పోసి, మళ్ళీ ఇంకో దోసెడు పోశాను.

"ఇదేందప్పా, రెండో తూరి?"

"కొసరుకు కొసరు మామా" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం, కళ్ళు తుడుచుకున్నాం. ఆయన వెళ్ళాక తూకం మీద మెరుస్తున్న సున్నాను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు నా లెక్కల్లో తప్పులు రావు. ఏ గడిలో రాయాల్సింది ఆ గడిలోనే రాస్తాను. మూడు గళ్ళ మీదా అడ్డంగా కొసరు రాసేసిన ఆ వెర్రిబాగులవాడి మీద అప్పుడప్పుడు బెంగ వేస్తుంది. మళ్ళీ అట్లాంటి తప్పు ఒక్కటి కూడా నాకు చేతకాలేదు.