ఊపిరి లేని పటం

నిన్న ఆసుపత్రిలో నా ఛాతీ ఎక్స్‌రే ఫిలిం ఇంకా తడిగానే చేతిలో పెట్టారు. ఆ పుల్లటి మందునీళ్ల వాసన తగలగానే రోసమ్మక్క గుర్తుకొచ్చింది. పంతొమ్మిదివందల నలభైల్లో ఆమె చిత్తూరు ఆసుపత్రి చీకటిగదిలో ఫిలిములు కడిగేది.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మాది పలమనేరు. మద్రాసు కాలేజీలో సీటొచ్చింది, హాస్టలువాళ్లు ఆరోగ్యపత్రం అడిగారు. డాక్టరు చేతికి పట్టీ బిగించి చూస్తే రక్తపోటు ఎక్కువుంది. ఎందుకుండదు? ఆడపిల్లకు ఇంత చదువెందుకన్నాడని అప్పుడే ఆయనతో వాదించి కూర్చున్నాను. ఎక్స్‌రే తీయిస్తే గుండె గుమ్మడికాయంత కనిపించింది.

"గుండె పెరిగిపోయినాదప్పా. చదువు మాన్పించి ఇంట్లో పెట్టుకో," అన్నాడు నాయనతో.

డాక్టరు చూసి ఆరబెట్టడానికి పంపిన ఫిలిం తీసుకుందామని చీకటిగది గుమ్మం దగ్గరికి వెళ్లాను. రోసమ్మక్క దాన్ని వెలుతురుకు పట్టి పక్కటెముకలు లెక్కపెట్టింది.

"ఎముకలు తక్కువ అగుపిస్తా ఉండాయి. ఊపిరి పీల్సి బిగబట్టలేదా పాపా? పటం తీసేటప్పుడు ఏం జరిగింది?"

"ఆ మిషను కాడుండే అరవాయన మూర్ఛ, మూర్ఛ అన్నాడక్కా. మూర్ఛ నాకెందుకుంటాది, నీకే ఉండాదని కొట్లాడతా ఉంటే టక్కుమని తీసేసినాడు."

రోసమ్మక్క గోడకానుకుని నవ్వింది. "'మూచ్చ పుడి' అనుంటాడు తల్లీ. అరవంలో ఊపిరి బిగబట్టమని. నువ్వు ఉండే ఊపిరంతా తిట్టేదానికే ఖర్సు పెడితివి. రొమ్ములో గాలి లేకుంటే గుండె అడ్డంగా పడతాది, పెద్దదిగా అగుపిస్తాది."

నా చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరు గదికి నడిచింది. ఆయన తలెత్తలేదు. "కడిగేది నీ పని. చదివేది నాది."

"ఔను సార్. చదివేదానికి ముందు సరిగ్గా రాసుండల్ల గదా. ఇంకొక్కటి తీయండి. నాది తప్పయితే రేపట్నించి ఈ వాకిలి తొక్కను."

ముక్కూమొహం తెలియని పిల్ల కోసం ఉద్యోగం పణంగా పెట్టిన మనిషి ఆమె.

ఈసారి బిగబట్టమని ఆమే చెప్పింది. అంతసేపు నేను నోరు మూసుకోవడం అదే మొదలు. రెండు ఫిలిములూ పక్కపక్కన పెడితే, రెండోదాంట్లో గుండె పిడికిలంతే ఉంది. డాక్టరు నన్ను కాసేపు పడుకోబెట్టి రక్తపోటు మళ్లీ చూశాడు. దిగింది. ఆరోగ్యపత్రం మీద సంతకం పెట్టాడు.

"రోసమ్మా, ఇంకమీద బిగబట్టమని నువ్వే సెప్పు," అన్నాడు.

బయటికొచ్చాక నా భుజం తట్టింది. "వాదించేది మానొద్దు పాపా. వాదన ఎక్కడ ఆపల్లనో తెలుసుకో, సాలు."

మొదటిది పాటించాను. ఇప్పుడు ఒక కాలేజీ నా చేతికింద నడుస్తోంది. ఫలానా పిల్ల పనికిరాదని కాగితం వస్తే వెంటనే సంతకం పెట్టను. ఆ పిల్లను పిలిపించి, ఆ రోజు ఏం జరిగిందే అని అడుగుతాను. కొట్లాడానని చెబితే, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకోమంటాను.