లేని కాగితం అడిగాను

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది వేసవిలో, విశాఖపట్నంలోని మా విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన విదేశీ విద్యార్థుల సెక్షన్‌కి నన్ను సూపరింటెండెంట్‌గా వేశారు. సెక్షన్ అంటే నేను, ఒక టైపు మిషను, ఆనందపురం నుంచి రోజూ బస్సులో వచ్చే సీనియర్ గుమస్తా అప్పలనాయుడు గారు. ఆఫ్రికా, అరబ్బు దేశాల విద్యార్థులను మా ఇంజినీరింగ్ కోర్సులకు రప్పించడం మా పని. ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం రాబోతోంది, ఇంకేం కావాలని పెద్దల ధీమా.

ప్రాస్పెక్టస్ తయారుచేసి రాయబార కార్యాలయాలకు పంపాను. జతపరచవలసిన పత్రాల జాబితా మాత్రం కొత్తగా రాయలేదు. మన విద్యార్థులకిచ్చేదే దించేశాను. పని ఇట్టే తెమిల్చేస్తానని నాకు కాస్త గర్వం కూడా.

ఏడాది తిరిగేసరికి ఆ ప్రాస్పెక్టస్ చూసి సూడాన్ నుంచి ఇద్రిస్ అనే యువకుడు వచ్చాడు. వన్ టౌన్‌లో ఒక పరుపుల వ్యాపారి మేడగదిలో దిగాడు. మార్కుల పత్రాలు, వాటి ఇంగ్లీషు అనువాదాలు, అన్నీ ఉన్నాయి. మైగ్రేషన్ సర్టిఫికెట్ లేదు. విద్యార్థి మరో చోట చేరడానికి అభ్యంతరం లేదని పాత బోర్డు ఇచ్చే పత్రం అది. ప్రవేశాల గడువు ఇంకా మూడు రోజులే. చేరకపోతే అతనికి తిరుగు ప్రయాణమే.

అలాంటిది ఒకటి చూపించమని ఇద్రిస్ మర్యాదగా అడిగాడు. చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, తన దేశంలో ఇటువంటిది ఎవరి దగ్గరా చూడలేదన్నాడు. పోగొట్టుకుని బుకాయిస్తున్నాడనుకున్నాను. ‘అభ్యర్థి సమర్పించలేదు, తిరస్కరించవచ్చు’ అని ఫైల్లో నోట్ రాసి సంతకం పెట్టేశాను.

అప్పలనాయుడు గారు ఆ ఫైలు రిజిస్ట్రారు దగ్గరికి తీసుకెళ్లకుండా నా బల్ల ముందే నిలబడ్డారు.

“ఏటి బాబూ ఇది? ఆల దేశంలో ఈ కాగితం ఇత్తారో లేదో మనం ఎప్పుడైనా అడిగామా? లేని కాగితం ఆడు ఎక్కడ్నించి తెత్తాడు? నాను సెప్తన్నానని కోపం తెచ్చుకోకండి. ఆ లిస్టు పంపింది మనమే కదా.”

నాకు ఒళ్లు మండింది. ‘మనమే’ అన్నది మర్యాదకు, పంపింది నేనే. సంతకం పడిన నోట్ చింపకూడదు. వివరణ కోరుతూ ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయానికి రాస్తే నేను నిక్షేపంగా బయటపడేవాణ్ణి. జవాబు వచ్చేలోగా గడువు దాటిపోయేది. ఆ ఉత్తరం రాయడానికి తెల్లకాగితం కూడా తీశాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. చివరికి నా మొదటి నోట్ కిందే, జాబితా నా పొరపాటని, ఆ సర్టిఫికెట్ బదులు ఇద్రిస్ దగ్గర హామీపత్రం తీసుకుని చేర్చుకోవచ్చని రాశాను.

ఇలా తన తప్పు తనే రాసుకున్న సూపరింటెండెంట్‌ను ఇంతవరకు చూడలేదని రిజిస్ట్రారు అన్నారు. అది మెచ్చుకోలో చీవాట్లో నాకు అర్థం కాలేదు. నాకు మందలింపు మెమో, ఇద్రిస్‌కి ప్రవేశ ఉత్తర్వు ఒకే రోజు వెలువడ్డాయి. రెండూ టైపు చేసింది అప్పలనాయుడు గారే.

ఇద్రిస్ ఇంజినీరై వెళ్లాడు. ఎనభైలలో సూడాన్ నుంచి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది అతని మాట విని వచ్చినవాళ్లే.

ఏ దేశానికి ప్రాస్పెక్టస్ పంపినా, మనం అడిగే పత్రాలు అక్కడ ఇస్తారో లేదో ముందే రాసి కనుక్కోవడం మా సెక్షన్ పద్ధతయింది. ఆ సర్క్యులర్ నా సంతకంతో వెళ్లింది. నేర్పింది అప్పలనాయుడు గారు. ఈ మాట ఆయన ఉండగా ఆఫీసులో నలుగురి ముందూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.