టైల్స్ వేయని షెడ్డులో చలికాలం

నల్గొండలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు గదులన్నీ పూర్తయ్యాయి, కారు పెట్టుకునే షెడ్డు ఒక్కటి మిగిలిపోయింది. పైన రేకులు, కింద గరుకు కాంక్రీటు, ఒక మూల నేను దుకాణాలన్నీ తిరిగి ఏరుకొచ్చిన టైల్స్ డబ్బాలు. దసరా దాటగానే పని మొదలుపెడదామనుకున్నాం. అంతలో కట్టంగూర్‌లో కాపురముండే మా ఆడబిడ్డ పుట్టింటికి వచ్చింది. ఐదో నెల. డాక్టరమ్మ బాగా విశ్రాంతి కావాలన్నదట.

“కడుపుతోటి ఉన్న పిల్ల ఇంట్ల ఉండంగ సుత్తె పట్టొద్దు. పని బందువెట్టుండ్రి,” అన్నది అత్తమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఆ షెడ్డులో అడుగుపెట్టి వచ్చినవాళ్లందరి కాళ్లకూ అంటిన సిమెంటు పొడి వంటింటి దాకా అచ్చులుగా పడేది. తుడిచేది నేను. అయినా ఎదురు చెప్పలేదు. మా ఆడబిడ్డకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారైనా బిడ్డ చేతికొస్తే చాలని ఇంట్లో అందరికీ ఒకటే దిగులు. ఆ దిగులు ముందు నా టైల్స్ ఏపాటి? నోరు మూసుకున్నాను. మామూలుగా అది నాకు చేతకాని పని.

అత్తమ్మ ఇంకో కట్టడి కూడా పెట్టింది. పుట్టబోయే బిడ్డ మాట ఎవరూ ఎత్తొద్దు. పేర్లు అనుకోవద్దు, పొత్తిగుడ్డ కూడా కొనొద్దు. దిష్టి తగులుతుందట.

కార్తీకం వెళ్లేసరికి చలి ముదిరింది. ఇంట్లో నున్నటి టైల్స్ మీద కాలు పెడితే జిల్లుమనేది. షెడ్డు తూర్పుకు తెరిచి ఉండడంతో పొద్దున్నే ఎండంతా అందులోనే పడేది. ముందు అత్తమ్మ చాయ్ గ్లాసుతో అక్కడికి చేరింది. తర్వాత అనపకాయల చాట పట్టుకుని నేను. ఇంట్లో జారిపడతానేమోనని గోడ పట్టుకు నడిచే మా ఆడబిడ్డ ఆ గరుకు నేల మీద మాత్రం చేతులూపుకుంటూ అటూ ఇటూ తిరిగేది. కారు పాపం ఇంటి ముందు బజార్లో మంచుకు తడిసేది. మా ఆయన రోజూ దాన్ని తుడుస్తూ, “షెడ్డు ఎవలికి కట్టిన్నో నాకే సమజైతలేదు,” అనేవాడు.

ఒకరోజు అత్తమ్మ పాత నూలు చీరల మూట దించింది. బొంత కుట్టాలంది. పక్కింట్లో జాకెట్లు కుట్టే పెద్దామెను పిలిచింది. పిన్నమ్మ అన్నట్టు ఆమెను మేమంతా ఖాలా అంటాం. చీరలు పొరలు పొరలుగా పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. గరుకు నేల గుడ్డను గట్టిగా పట్టుకుంది, ఒక్క పొర కూడా జరగలేదు. తలో వైపు కూర్చుని పెద్ద సూదులతో కుట్టుకుంటూ పోయాం. నా వరస ఎటెటో పోయింది. ఖాలా చూసి, “నీ కుట్టు జాతరకు పోతాంది బిడ్డా, జర ఇటు మలుపు,” అన్నది. నాకు కోపం రావాలి. రాలేదు, నవ్వొచ్చింది.

పెద్ద బొంత అయ్యాక అత్తమ్మ మిగిలిన మెత్తటి ముక్కలు ఏరి ఇంకొకటి పరిచింది. చాట కంటే కాస్త పెద్దది, అంతే.

“ఇది ఎవలికి అత్తమ్మా?” అన్నాను, తెలిసీ.

తలెత్తకుండా, “కారుకు,” అన్నది.

“కారుకు గింతదా?”

“ముందటి అద్దం మీద మంచు వడ్తలేదా? దాని మీద కప్పెతందుకు.”

మా ఆడబిడ్డ గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని సూది వదిలేసి దగ్గరికి పోయాను. చూస్తే నవ్వు. ఇంటికి వచ్చాక ఆ పిల్ల అట్లా నవ్వడం అదే మొదలు. ఇక ఆ మాట మా అందరికీ ఆటయింది. “కారుకు ఎర్రంచు మంచిగుంటది,” అని ఖాలా తన మూటలోంచి ఒక పీలిక తెచ్చింది. మా ఆయన లుంగీ కనబడడం లేదని ఇల్లంతా వెతికి, చివరికి ఆ బొంత అంచులో గళ్లు గుర్తుపట్టాడు.

“అమ్మా, ఇది నా లుంగీ!”

“మెత్తగున్నది కొడుకా. కారుకు గుచ్చుకోదు.”

ఆ చలికాలం నేను సిమెంటు అచ్చులు తుడవడం మానేశాను. ఇంత సంతోషంగా ఉన్న ఇల్లు కాస్త మురికిగా ఉంటే ఏం పోయిందనిపించింది.

శివరాత్రి దగ్గర పడుతుండగా ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. కారులో దవాఖానకు పరుగెత్తాం. ఆడబిడ్డ భర్త కట్టంగూర్ నుంచి బయల్దేరాడు. కాన్పు గది బయట బెంచీ మీద అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. గాజులు నొక్కుకుపోతున్నా నేను కదల్లేదు. చాలాసేపటికి లోపల సన్నగా ఏడుపు వినిపించింది. నర్సమ్మ తలుపు తీసి, “ఆడపిల్ల. తల్లీబిడ్డా మంచిగున్నరు. బట్ట ఇయ్యుండ్రి,” అన్నది.

ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చలికాలమంతా కూర్చుని కుట్టాం, తీరా ఆ చిన్న బొంత ఎవరూ తేలేదు. తెస్తే దిష్టి అని అత్తమ్మ, అత్తమ్మ ఏమంటుందోనని నేను, ఆడవాళ్లు తెచ్చే ఉంటారని మా ఆయన.

“తొమ్మిది నెలలు ఏం జేసిండ్రమ్మా?” అని నర్సమ్మ కసిరి, దవాఖాన గుడ్డలోనే బిడ్డను చుట్టి తెచ్చింది. మా ఆయన ఇంటికి ఉరికాడు. వచ్చేసరికి రొప్పుతున్నాడు, బొంత చంకలో ఉంది. అత్తమ్మ బిడ్డను అందులోకి మార్చి ఒడిలో పెట్టుకుంది.

అటుగా వెళ్తున్న ఎవరో ఆడమనిషి ఆగి బొంత అంచు ముట్టి చూసింది. “మస్తుగున్నది అవ్వా. ఎవలికి కుట్టినవు?”

మళ్లీ కారుకంటుందేమోనని నేను అత్తమ్మ వైపు చూశాను.

“నా మనుమరాలికి,” అన్నది అత్తమ్మ, లోగొంతుకతో. ఆమె సరిగ్గా వినలేదేమోనన్నట్టు, వరండా ఆ చివర దాకా వినబడేలా మళ్లీ చెప్పింది.